లుకేమియా, లింఫోమా, మైలోమా కేసులకు ప్రైమరీ సైట్ కోడ్ ఎలా నిర్ణయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. శ్రీకాకుళంలో క్యాన్సర్ రిజిస్ట్రీ పనిలో కొత్తగా చేరిన మీ దగ్గర మూడు ఫైళ్లు ఆగిపోయి ఉన్నాయి. మొదటిది సీఎల్‌ఎల్ (నెమ్మదిగా పెరిగే ఒక రకం లుకేమియా) ఉన్న ఒక పెద్దాయనది. రక్తపరీక్షలోనూ మెడ గ్రంథి బయాప్సీలోనూ అదే తేలింది. రెండవది మెడలోను, చంకల్లోను గ్రంథులు పెరిగి, బోన్ మారోలోకి (ఎముక మజ్జలోకి) కూడా పాకిన డీఎల్‌బీసీఎల్ (పెద్ద బి కణాల) లింఫోమా. మూడవది వెన్నుపూస బయాప్సీతో నిర్ధారణ అయిన మల్టిపుల్ మైలోమా. ఇవన్నీ రక్త క్యాన్సర్లే కాబట్టి రక్తానికి ఉన్న సి42.0 కోడ్‌నే మూడింటికీ వేయవచ్చా, లేక బయాప్సీ ఎక్కడ తీశారో అదే ప్రైమరీ సైట్ (వ్యాధి మొదలైన చోటు) అవుతుందా అని అడిగారు.

రెండూ కావు. మొదటి ఫైలుకు సి42.1 (ఎముక మజ్జ), రెండవదానికి సి77.8 (ఒకటి కంటే ఎక్కువ గ్రంథి ప్రాంతాలు), మూడవదానికి సి42.1 వేయండి. మూడవదాని విషయంలో మాత్రం అది నిజంగా మల్టిపుల్ మైలోమాయేనని, ఒంటరి ప్లాస్మాసైటోమా (ఒక్కచోటే ఉన్న ప్లాస్మా కణాల గడ్డ) కాదని బోన్ మారో రిపోర్టు చూసి నిర్ధారించుకున్నాకే వేయండి. కారణాలు కింద వివరిస్తాను.

రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం వంటి అవయవాల క్యాన్సర్లలో మనం ముందు సైట్ రాసుకుని, ఆ తర్వాత మార్ఫాలజీ (క్యాన్సర్ కణాల రకం) కోసం బయాప్సీ రిపోర్టు తీస్తాం. రక్త సంబంధిత క్యాన్సర్లలో ఈ వరుస తిరగబడుతుంది. ముందు మార్ఫాలజీ తేల్చుకోవాలి. సైట్ ఏమిటన్నది చాలావరకు అదే చెబుతుంది. పాత అలవాటు ప్రకారం సైట్ గడి ముందు నింపేసి మార్ఫాలజీ తర్వాత చూద్దామనుకునేవారి ఎంట్రీలలోనే తప్పులు ఎక్కువగా కనిపిస్తాయి. ఎందుకంటే ఈ వ్యాధులలో సూది ఎక్కడ గుచ్చారన్నది డాక్టరుకు ఏది సులువుగా అందిందో దాన్ని బట్టి ఉంటుంది తప్ప, వ్యాధి ఎక్కడ మొదలైందో దాన్ని బట్టి ఉండదు.

క్యాన్సర్ కోడ్‌ల అంతర్జాతీయ పుస్తకమైన ఐసీడీ-ఓ మూడవ కూర్పులో ఇందుకు రెండు నియమాలు స్పష్టంగా ఉన్నాయి. రూల్ 'ఇ' (E) ప్రకారం మైలాయిడ్ సార్కోమా (మజ్జ బయట గడ్డలా వచ్చే లుకేమియా) తప్ప మిగిలిన లుకేమియాలన్నీ సి42.1 కిందికే, అంటే ఎముక మజ్జ కిందికే వస్తాయి. రూల్ 'డి' (D) ప్రకారం లింఫోమా ఒకటి కంటే ఎక్కువ గ్రంథి ప్రాంతాలలో ఉంటే సి77.8, గ్రంథుల వెలుపల పుట్టిన లింఫోమా అయితే అది పుట్టిన అవయవం కోడ్, అది బయాప్సీ తీసిన చోటు కాకపోయినా సరే, సైట్ ఏమీ చెప్పకపోతే సి77.9. ఈ రెండు నియమాలు కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

లుకేమియాకు రక్తం కోడ్ ఎందుకు వేయకూడదు? లుకేమియా కణాలు మనకు కనిపించేది రక్తపు స్మియర్‌లోనే అయినా, అవి పుట్టేది ఎముక మజ్జలోని మూలకణాల నుంచి. ఏఎంఎల్, ఏఎల్‌ఎల్, సీఎంఎల్, హెయిరీ సెల్ వంటి లుకేమియా రకాలలో ఏదైనా సి42.1. బోన్ మారో పరీక్ష అసలు చేయకుండా, రక్తపు స్మియర్‌తోనూ బీసీఆర్-ఏబీఎల్ జన్యు పరీక్షతోనూ సీఎంఎల్ అని తేల్చి మందులు మొదలుపెట్టిన రోగికి కూడా సైట్ సి42.1 అనే వేయాలి. "మజ్జ పరీక్ష చేయలేదు కదా, మజ్జ అని ఎలా రాస్తాం?" అని కొత్తగా వచ్చినవారు తరచుగా అడుగుతారు. ఆ తేడాను చూపించాల్సింది సైట్ గడిలో కాదు, నిర్ధారణ ఆధారం గడిలో. రక్తపు స్మియర్ అయినా, బోన్ మారో ఆస్పిరేట్ (సూదితో పీల్చిన మజ్జ) అయినా కణ పరీక్షే కాబట్టి ఆధారం 5 అవుతుంది. ట్రెఫైన్ బయాప్సీ (ఎముకతో పాటు మజ్జ ముక్క తీసే పరీక్ష) చేసి ఉంటే 7 అవుతుంది. ఒకే రోగికి ఆస్పిరేట్, ట్రెఫైన్ రెండు రిపోర్టులూ ఉంటే పెద్ద అంకె ఉన్న ఆధారాన్నే తీసుకోవాలి.

సీఎంఎల్ రోగుల అల్ట్రాసౌండ్ రిపోర్టులో ప్లీహం బొడ్డు దాకా పెరిగిందని ఉంటుంది. దాన్ని చూసి ప్లీహానికి ఉన్న సి42.2 వేసిన ఎంట్రీలను నేను చాలాసార్లు సరిచేశాను. అక్కడ ప్లీహం కేవలం వ్యాధి వచ్చి పేరుకున్న చోటు. అలాగే ఏఎల్‌ఎల్ పిల్లవాడికి చికిత్స ముగిశాక వృషణంలో గాని, మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో గాని లుకేమియా కణాలు కనిపిస్తే అది తిరగబెట్టడమే, కొత్త కేసు కాదు. మొదటి ఎంట్రీలోని సైట్‌ను కదపనక్కర లేదు. సీఎంఎల్ బ్లాస్ట్ క్రైసిస్‌లోకి (బ్లాస్ట్ అనే అపరిపక్వ కణాలు ఉధృతంగా పెరిగే దశలోకి) వెళ్లినా అంతే.

మరి సి42.0 ఎందుకుంది అంటారా? ఐసీడీ-ఓ పుస్తకంలో వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబ్యులినీమియా, 9761/3 (ఇది మార్ఫాలజీ కోడ్; గీత తర్వాతిది ప్రవర్తన అంకె, 3 అంటే క్యాన్సర్), పక్కన సూచించిన సైట్ అదే. మన జిల్లాల ఫైళ్లలో ఆ వ్యాధి అరుదు. కాబట్టి మీ డేటాలో సి42.0 వరుసగా కనిపిస్తున్నదంటే ఎక్కడో లుకేమియాలు దారి తప్పాయని అనుమానించవచ్చు. నేను ప్రతి నెలా చివరలో చేసే మొదటి తనిఖీ ఇదే: సి42.0 ఉన్న ఎంట్రీలన్నీ విడిగా తీసి, వాటి మార్ఫాలజీ చూడటం.

ఇక మొదటి ఫైలు. సీఎల్‌ఎల్, చిన్న కణాల లింఫోసైటిక్ లింఫోమా అనేవి రెండు వ్యాధులు కావు, ఒకే వ్యాధికి రెండు రూపాలు. ఇప్పుడు రెండింటికీ మార్ఫాలజీ 9823/3. రక్తంలోనో మజ్జలోనో కనిపిస్తే సైట్ సి42.1, గ్రంథులు ఎన్ని పెరిగినా సరే. రక్తం, మజ్జ రెండూ శుభ్రంగా ఉండి గ్రంథుల్లో మాత్రమే ఉంటే అప్పుడు సి77 కింద తగిన అంకె. మీ పెద్దాయనకు లింఫోసైట్లు పెరిగాయని, ఫ్లో సైటోమెట్రీలో నిర్ధారణ అయిందని మీరే రాశారు కాబట్టి మెడ గ్రంథి బయాప్సీ సైట్‌ను మార్చదు. లింఫోబ్లాస్టిక్ లుకేమియా, లింఫోమాల జంటలోనూ ఇదే పద్ధతి. ఛాతీ మధ్యలో పెద్ద గడ్డతో వచ్చిన కుర్రవాడికి మజ్జ నిండా బ్లాస్ట్ కణాలుండి హెమటాలజిస్టు దాన్ని టీ-ఏఎల్‌ఎల్ అని పిలిస్తే సి42.1. మజ్జ బాగానే ఉండి టీ-లింఫోబ్లాస్టిక్ లింఫోమా అని పిలిస్తే గడ్డ ఉన్న చోటు కోడ్. రెండింటికీ మార్ఫాలజీ మాత్రం ఒక్కటే, 9837/3.

రెండవ ఫైలు, లింఫోమా. మజ్జలో లింఫోమా కణాలు ఉన్నాయన్న వాక్యం చూడగానే చేయి సి42.1 వైపు వెళుతుంది. వెళ్లనివ్వకండి. గ్రంథుల్లో పుట్టిన లింఫోమా మజ్జకు పాకితే అది నాలుగవ స్టేజీ అయిందని అర్థం; ఆ సమాచారం స్టేజీ గడిలోకి పోవాలి. మెడ ఒక ప్రాంతం, చంకలు మరొక ప్రాంతం కాబట్టి సి77.8. మెడకు రెండు వైపులా ఉండి వేరెక్కడా లేకపోతే మాత్రం అది ఒకే ప్రాంతం, సి77.0. ఎడమ, కుడి అని లెక్కపెట్టి సి77.8 వేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. గ్రంథి ప్రాంతాల అంకెలు ఇలా గుర్తుపెట్టుకోండి: తల, ముఖం, మెడ, కాలరెముక పైభాగం 0, ఛాతీ లోపల 1, కడుపు లోపల, మీసెంటరీ, అయోర్టా పక్కన ఉన్నవి 2, చంక, చేయి 3, గజ్జ, కాలు 4, కటి లోపల 5. సీటీ లేదా పెట్ స్కాన్ రిపోర్టు ఉంటే దాన్ని చూడకుండా ఈ అంకె వేయవద్దు, ఎందుకంటే బయాప్సీ రిపోర్టులో పాథాలజిస్టు తన చేతికి వచ్చిన గ్రంథి గురించే రాస్తాడు, మిగిలినవాటి సంగతి ఆయనకు తెలియదు.

లింఫోమాకు సి42.1 వేసే సందర్భం కూడా ఒకటి ఉంది. స్కాన్‌లలో గ్రంథులు గాని, అవయవాలు గాని ఏవీ లేకుండా వ్యాధి మజ్జలో మాత్రమే దొరికితే అప్పుడు వేయవచ్చు. కాని స్కానే చేయకుండా "ఇంకెక్కడా లేదు" అనుకోకూడదు. మజ్జ రిపోర్టు ఒక్కటే ఫైలులో ఉన్నప్పుడు నేను మొదట అనుమానించేది ఫైలు అసంపూర్ణమని.

గ్రంథుల వెలుపల పుట్టిన లింఫోమాల దగ్గర ఆలోచించాల్సింది ఎక్కువ. టాన్సిల్ లింఫోమాను మెడ గ్రంథుల కింద సి77.0 లో పడేయడం నేను తరచుగా చూస్తాను. టాన్సిల్‌ను ఐసీడీ-ఓ అవయవంగా చూస్తుంది, కోడ్ సి09.9. జీర్ణాశయం మాల్ట్ లింఫోమా, 9699/3, సి16 కిందికి. చర్మపు మైకోసిస్ ఫంగాయిడిస్, 9700/3, సి44 కిందికి. ప్లీహపు మార్జినల్ జోన్ లింఫోమా, 9689/3, మాత్రం నిజంగానే సి42.2.

అవయవంలోనూ గ్రంథుల్లోనూ ఉంటే ఏం చేయాలి? నేను పాటించే పద్ధతి అమెరికా సీర్ రిజిస్ట్రీల నియమాలకు దగ్గరగా ఉంటుంది. జీర్ణాశయంలో ఉండి, దాని పక్కన ఉన్న గ్రంథులకు మాత్రమే పాకితే జీర్ణాశయమే ప్రైమరీ. జీర్ణాశయంలోనూ, దానితో సంబంధం లేని మెడ, గజ్జ గ్రంథుల్లోనూ ఉండి, ఎక్కడ మొదలైందో డాక్టరు చెప్పలేకపోతే గ్రంథుల కోడ్. డాక్టరు ఫలానా చోట మొదలైందని కేస్ షీటులో రాసి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ మాటే తీసుకోవాలి.

మూడవ ఫైలు, మైలోమా. ఇది మన ప్రాంతంలో మరీ జాగ్రత్తగా చూడాల్సిన వ్యాధి. ఉద్దానంలో ఎవరికైనా క్రియాటినిన్ పెరిగిందంటే ఇంట్లోవారూ, ఊళ్లోవారూ, ఒక్కోసారి వైద్య సిబ్బంది కూడా అది ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బే అనుకుంటారు. మైలోమా కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది. కవిటి వైపు నుంచి వచ్చిన ఒక కొబ్బరి రైతు ఫైలు నాకు బాగా గుర్తుంది. నెఫ్రాలజీ కాగితాల్లో కిడ్నీ వైఫల్యం అని ఉంది. వేరొక ఆసుపత్రిలో నడుము నొప్పికి ఎంఆర్ఐ తీసి, కుంగిన వెన్నుపూస నుంచి ముక్క తీస్తే "ప్లాస్మా సెల్ నియోప్లాజమ్" అని వచ్చింది. ఆ తర్వాత విశాఖలో ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎం-బ్యాండ్ (ప్లాస్మా కణాలు తయారుచేసే అసాధారణ ప్రొటీన్ గుర్తు), బోన్ మారోలో ప్లాస్మా కణాల గుంపులు కనిపించాయి. ఒకే మనిషి మూడు చోట్ల నుంచి మా దగ్గరికి వచ్చేసరికి ఒక కాగితం మీద సైట్ కిడ్నీ అని, ఇంకొక దాని మీద వెన్నెముక, సి41.2 అని, మూడవదాని మీద మజ్జ అని ఉంది. సరైనది చివరిదే: 9732/3, సి42.1. కిడ్నీ వ్యాధి వల్ల దెబ్బతిన్న అవయవం. వెన్నుపూస వ్యాధి కొరికిన చోటు.

అయితే వెన్నుపూసలో ఒక్కచోటే గడ్డ ఉండి, మజ్జలో ప్లాస్మా కణాలు పెరగక, మిగిలిన ఎముకలు బాగుంటే అది ఎముకలోని ఒంటరి ప్లాస్మాసైటోమా, 9731/3, దానికి సి41.2 సరైనదే. ఎముక బయట, ముక్కు వెనక గాని గొంతులో గాని వస్తే 9734/3, ఆ అవయవం కోడ్. అందుకే మీ మూడవ ఫైలులో మజ్జ రిపోర్టు, ఎం-బ్యాండ్ రిపోర్టు ఉన్నాయా అని ముందు చూడమన్నాను. ఇలాంటి ప్లాస్మాసైటోమా కొన్నేళ్లకు మైలోమాగా మారితే అంతర్జాతీయ బహుళ ప్రైమరీ నియమాల ప్రకారం రెండూ ఒకే వర్గం కాబట్టి రెండవ కేసుగా లెక్కించకూడదు. ఎంజీయూఎస్ (మైలోమా లేకుండా ఆ అసాధారణ ప్రొటీన్ మాత్రమే కనిపించే స్థితి) మాత్రం 9765/1. దాని ప్రవర్తన అంకె 3 కాదు కనుక క్యాన్సర్ లెక్కలోకి రాదు.

మైలాయిడ్ సార్కోమా గురించి రెండు మాటలు. కన్ను ఉబ్బి ముందుకు వచ్చిన చిన్నపిల్లలను మొదట కంటి ఆసుపత్రికే తీసుకువెళతారు. కంటిగూటి నుంచి తీసిన ముక్కలో మైలాయిడ్ సార్కోమా, 9930/3, అని వచ్చి, రక్తం, మజ్జ శుభ్రంగా ఉంటే సి69.6. అదే పిల్లకు అదే సమయంలో మజ్జలో ఏఎంఎల్ ఉంటే ఒకే కేసు, ఏఎంఎల్, సి42.1. కంటి ఆసుపత్రి ఫైలు ఒక్కటే మీకు అందితే పిల్లను ఆ తర్వాత ఎక్కడికి పంపారో కనుక్కోకుండా ఎంట్రీ ముగించకండి.

ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని వ్యాధి), పాలీసైథీమియా వెరా, ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా, మైలోఫైబ్రోసిస్ కూడా ఐసీడీ-ఓ మూడవ కూర్పు నుంచి ప్రవర్తన అంకె 3 తోనే ఉన్నాయి, వీటన్నిటికీ సి42.1. ఇవి ఆంకాలజీ విభాగానికి రాక, రక్తహీనత కేసులుగా జనరల్ మెడిసిన్ వార్డుల్లోనే ఉండిపోతాయి కాబట్టి అక్కడి రిజిస్టర్లు తిరగేయాలి. అప్లాస్టిక్ అనీమియా మాత్రం క్యాన్సర్ కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరిగే తప్పు కూడా చెప్పాలి. మజ్జ రిపోర్టులో "మెటాస్టాటిక్ డిపాజిట్స్" అని ఉంటే అది రక్త క్యాన్సరే కాదు. ప్రోస్టేట్ నుంచో, రొమ్ము నుంచో మజ్జకు పాకిన కార్సినోమా అది. ప్రైమరీ తెలిస్తే దాని కోడ్, తెలియకపోతే సి80.9. సి42.1 పక్కన కార్సినోమా మార్ఫాలజీ ఉన్న ఎంట్రీని సాఫ్ట్‌వేర్ తనిఖీ పట్టుకుంటుంది. కాని మార్ఫాలజీని 8000/3 (రకం తెలియని క్యాన్సర్) అని వదిలేస్తే పట్టుకోకపోవచ్చు.

ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాల మీద ఉన్న ఐసీడీ-10 (అన్ని వ్యాధులకూ వాడే అంతర్జాతీయ పట్టిక) కోడ్‌ను చూసి సైట్ రాయడం మరొక ఉచ్చు. సి83.3 అంటే డీఎల్‌బీసీఎల్ అని మాత్రమే తెలుస్తుంది. అది జీర్ణాశయంలో ఉందా, మెడలో ఉందా అన్నది ఆ కోడ్‌లో లేదు. మనం ఐసీడీ-ఓ లో సి16.9, 9680/3 అని వేస్తే ఐసీడీ-10 కు మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్ మార్ఫాలజీని చూసి సి83.3 కి తనే పంపుతుంది. కాబట్టి లింఫోమాకు అవయవం కోడ్ వేస్తే జీర్ణాశయ క్యాన్సర్ల సంఖ్య పెరిగిపోతుందన్న భయం అక్కర లేదు. ఐసీడీ-ఓ నుంచి ఐసీడీ-10 కు వెళ్లవచ్చు. వెనక్కి రావాలంటే సైట్ దొరకదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు, ఒకే రోగి కాగితాలు నాలుగు ఊళ్లలో ఉండటం. ఇచ్ఛాపురం వైపువారు బరంపురం వెళతారు. మిగిలినవారు విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, మరికొందరు వెల్లూరుకో వెళతారు. ఒక చోట నుంచి సి77.0 గా, మరొక చోట నుంచి సి42.1 గా వచ్చిన ఒకే మనిషిని కంప్యూటర్ ఇద్దరిగా లెక్కపెడుతుంది. పేరు ఒక చోట అప్పలనాయుడు, మరొక చోట ఎ. నాయుడు, ఒక చోట పైడితల్లి, మరొక చోట పైడమ్మ. దీనికి తోడు 2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి కాబట్టి పాత కాగితం మీద శ్రీకాకుళం, కొత్త కాగితం మీద వేరే జిల్లా ఉంటుంది. అందువల్ల రక్త క్యాన్సర్ ఎంట్రీలలో డూప్లికేట్లు వెతికేటప్పుడు సైట్‌ను పోల్చవద్దు. పేరు, వయసు, ఊరు, మండలం పోల్చండి, తర్వాత మార్ఫాలజీ వర్గం చూడండి.

మరణ నమోదులో "బ్లడ్ క్యాన్సర్" అన్న రెండే మాటలుంటే వెంటనే కోడ్ చేయకండి. మన ఊళ్లలో ఆ మాట లుకేమియాకూ వాడతారు, మైలోమాకూ వాడతారు, పదేపదే రక్తం ఎక్కించుకున్న ఏ జబ్బుకైనా వాడతారు. ఆశా కార్యకర్త ద్వారా ఇంటివారిని కలిసి పాత కాగితాలు అడగండి. చాలా ఇళ్లలో ప్లాస్టిక్ సంచిలో భద్రంగానే ఉంటాయి. లుకేమియా అన్న మాట తప్ప ఇంకేమీ దొరకకపోతే 9800/3, సి42.1, ఆధారం 0 (మరణ నమోదు మాత్రమే).

చివరగా, డాక్టరును అడగాల్సి వచ్చినప్పుడు "సార్, ప్రైమరీ సైట్ ఏది?" అని అడగకండి. లింఫోమా రోగికి ఆ ప్రశ్న వేస్తే చాలామంది బయాప్సీ తీసిన చోటే చెబుతారు. "ఈ లింఫోమా గ్రంథుల్లో మొదలైందా, లేక జీర్ణాశయంలోనే మొదలైందా? స్కాన్‌లో ఇంకెక్కడ ఉంది?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. అప్పటికీ తేలకపోతే లింఫోమాకు సి77.9 వేయండి, గ్రంథుల వెలుపల పుట్టిందని మాత్రం తెలిసి, ఏ అవయవమో తెలియకపోతే సి80.9.